అది ఉమ్మెత్త కాదు

నా చిన్నప్పుడు నా కన్నే నన్ను పట్టిచ్చింది. నోరు ఎంత గట్టిగా అబద్ధమాడినా కన్ను ఒప్పుకోలేదు. ఆ సంగతి ఇన్నేళ్ల తరవాత రాయడానికి కారణం మా కాలనీ వాట్సాప్ గ్రూపు. మొన్న ఎవరో ఒక ఫొటో పెట్టారు. కొమ్మలకు తలకిందులుగా వేలాడుతున్న జానెడేసి తెల్ల పువ్వులు. కింద ‘శివయ్యకు ఇష్టమైన ఉమ్మెత్త’ అని రాశారు. దాని కింద వరసగా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. ‘అది ఉమ్మెత్త కాదు’ అని నేను పెట్టాను. ‘రెండూ ఒకటేలెండి టీచరుగారూ’ అని జవాబొచ్చింది. ఒకటే ఎలా అవుతాయి? నాకు డెబ్బై దాటాయి, మోకాళ్లు చెప్పిన మాట వినడం మానేశాయి, చాలా విషయాల్లో సర్దుకుపోతున్నాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నన్ను సర్దుకుపొమ్మనకండి. ఈ ఒక్క మాట కోసం మా అత్త తోట మొత్తం పోగొట్టుకోవడానికి సిద్ధపడింది.

మాది గజపతినగరం దగ్గర చిన్న ఊరు. శివాలయానికి రోజూ పువ్వులిచ్చే సేవ మా ఇంటిది. తాతయ్య పోయాక నాన్న పొలం పనుల్లో పడిపోతే, పువ్వుల బుట్ట నాన్నగారి అక్క తీసుకుంది. ఆమే మా అత్త. మామయ్య చిన్న వయసులోనే పోయారు. భర్త లేని ఆడది దేవుడికి పువ్వులు తేవడమేమిటని మొదట్లో కొందరు గొణిగారట. ఆమె పట్టించుకోలేదు. ఎండైనా వానైనా గుడి తలుపు తీసేసరికి గడప దగ్గర బుట్టతో నిలబడి ఉండేది, చూసీ చూసీ గొణిగేవాళ్లే అలిసిపోయారు. మేము పువ్వులు పెంచే తోట మాది కాదు, గుడిది. సేవ మా చేతిలో ఉన్నంతకాలమే తోట మా చేతిలో ఉంటుంది.

ఆ తోటలో మందారాలు, గన్నేర్లు, నందివర్ధనాలతోపాటు ఒక మడి నిండా ఉమ్మెత్త ఉండేది. ఉమ్మెత్తను ఎవరైనా పెంచుతారా? చెత్తదిబ్బల మీద, రోడ్డు పక్కన దానంతటది మొలుస్తుంది. ఊళ్లో అందరూ నవ్వేవారు. దిబ్బ మీద పూసింది దేవుడికి పెట్టనని అత్త పట్టు. ముళ్లకాయ ఎండి నాలుగుగా పగిలేదాకా చెట్టునే ఉంచి, గింజలు గుడ్డలో కట్టి, దీపావళి వెళ్లాక బూడిద కలిపి విత్తేది. శివరాత్రికి నడుమెత్తు మొక్కలు తెల్లగా, కొన్ని ఊదా రంగులో పూసేవి. నోరు ఆకాశం వైపు తెరుచుకుని చూసే పువ్వులు. అవి కోసిన చేతులు బూడిద పెట్టి మోచేతుల దాకా కడగనిదే నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు. దేవుడు తిన్నాడని మనం తినకూడదని, ఆయన గొంతు వేరు మన గొంతు వేరని చెప్పేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, దీపావళి వెళ్లిన వారానికి, ఊరి ధర్మకర్తగారు గుడి ఆవరణలో ఒక మొక్క నాటించారు. ఆయన అల్లుడు కోరాపుట్ వైపు కొండల్లో ఉద్యోగం చేసేవారు. అక్కడి నుంచి కిరసనాయిలు డబ్బాలో పెట్టి తెచ్చారు. నా ఎత్తు ఉంది. కాండం కర్రలా గట్టిగా, ఆకులు మా ఉమ్మెత్త ఆకుల కంటే పెద్దగా ఉన్నాయి. ఇది చెట్టు ఉమ్మెత్త అని ధర్మకర్తగారు ఊరందరికీ చెప్పారు. ఒక్కసారి నాటితే ఏళ్ల తరబడి పూస్తుందట. గుడిలోనే చెట్టుంటే ఇక విత్తడాలు, మడులు, మనుషులు ఎందుకని అన్నారు. ఆ ఆఖరి మాట అత్త వైపు చూసి అన్నారు.

అత్త ఆ మొక్క చుట్టూ ఒకసారి తిరిగింది. కొమ్మ చివర అప్పుడే వచ్చిన చిన్న మొగ్గను చూసింది. అది నేల వైపు వంగి ఉంది.

“ఇది ఉమ్మెత్త కాదు బాబూ,” అంది.

“నీకు తెలిసినంత మా అల్లుడికి తెలవదేటమ్మా?” అన్నారు ఆయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వచ్చే శివరాత్రికి ఇది పూస్తే పువ్వుల సేవ గురించి ఆలోచిస్తానని కూడా అన్నారు. ఆయన ఆలోచిస్తానంటే ఊళ్లో దానికి ఒకటే అర్థం.

ఆ రాత్రి నాన్న సరిగ్గా అన్నం తినలేదు. తోట పోతే అత్త ఏం చేస్తుందని అమ్మ అడిగింది. అత్త మాత్రం మామూలుగానే చారు కలుపుకుని తిని, చెయ్యి కడుక్కుని, మర్నాటి దండకు దారం చుట్టుకుంటూ కూర్చుంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇంత జరిగితే దారం చుట్టుకుంటుందేమిటి అనుకున్నాను.

రెండు రోజులు ఆగాను. మూడోనాడు మధ్యాహ్నం గుడి తలుపులు మూసి ఉన్న వేళ గోడ దూకి వెళ్లి ఆ మొక్కను విరిచేశాను. విరిచేశానంటే ఊరికే కాదు, కసితీరా. కొమ్మలు ఒక్కొక్కటీ, తరవాత కాండం కూడా మోకాలి దగ్గర వంచి ఫట్‌మనిపించాను. మొగ్గలు నలిపి నేల మీద కొట్టాను. చేతులకు నీరు నీరుగా రసం అంటుకుంది. ఎండకు చెమట కారి కళ్లలోకి వస్తే మణికట్టుతో కుడి కన్ను తుడుచుకున్నాను. నిజం చెప్పాలంటే, మళ్లీ గోడ దూకి ఇంటికి వస్తున్నప్పుడు నాకు చాలా గొప్పగా అనిపించింది.

సాయంత్రం దండ కట్టడానికి కూర్చున్నాను. సూదిలోకి దారం ఎక్కడం లేదు. దగ్గరవి మసకగా, దూరానివి తెల్లగా మండిపోతున్నట్టు కనిపించాయి. అత్త నా అవస్థ చూసి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. నా కుడి కంటి నల్లగుడ్డు మొత్తం తెరుచుకుని ఉందట. ఎడమది మామూలుగా మినపగింజంత ఉంటే, కుడి కంట్లో నలుపు తప్ప ఏమీ మిగల్లేదట.

“ఏటి ముట్టుకున్నావే?” అంది.

“ఉమ్మెత్త మొగ్గలు కోసాను,” అన్నాను. తడుముకోకుండా చెప్పాను. చెయ్యి కడుక్కోలేదని తిడుతుంది, అంతే కదా అనుకున్నాను.

“మన ఉమ్మెత్త ఇంకా రెండాకుల మీదున్నాది. మొగ్గలు ఎక్కడ కోసినావే గుంటా?”

దీపావళి వెళ్లి పది రోజులే అయింది. ఆమె విత్తినవి అప్పుడే మొలిచాయి. ఆ సంగతి నాకంటే ఆమెకు బాగా తెలుసు. ఏడుస్తూ అంతా చెప్పేశాను. నీ కోసమే చేశానని కూడా అన్నాను. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. బావి దగ్గరికి తీసుకెళ్లి చేద మీద చేద నీళ్లు తోడి కన్ను కడిగింది. చేతులు తోముతూ ఒకే ఒక మాట అంది. ఆ చెట్టుకు నువ్వంటే పగ ఉందా అని.

నాన్నకు తెలిసి భయపడ్డాడు. ఎవరూ చూడలేదు కాబట్టి ఊరుకుందాం, మేకలు విరిచాయనుకుంటారు అన్నాడు. ఆ మాట తప్పని నేననను, అందరం అలాగే అనేవాళ్లం. అత్త మర్నాడు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ధర్మకర్తగారి ఇంటికి నడిచింది. నాకు ఎండ చూస్తే కన్ను మండుతోంది. ఆమె తన చీర కొంగు నా మొహం మీద కప్పి నడిపించింది. ఆ కొంగు కింద నాకు ఆమె పాదాలు మాత్రమే కనిపించాయి. చకచకా పడుతున్నాయి. శిక్షకు వెళ్లేవాళ్లు అంత వేగంగా నడవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ధర్మకర్తగారు వీధి అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నారు. మొక్క సంగతి అప్పటికే తెలిసి మండిపడుతున్నారు.

“మీ సెట్టు మా గుంట ఇరిసేసింది బాబూ,” అంది అత్త. “తప్పు మాదే. దాన్ని నేను బతికించి ఇస్తాను.”

ఆయన ఒక్క క్షణం నమ్మలేనట్టు చూశారు. అలా తనంతట తాను వచ్చి చెప్పేవాళ్లుంటారని ఆయన అనుకోలేదు. తరవాత గొంతు పెంచారు. అయితే తన చెట్టు ఉమ్మెత్తేనని, అసూయతో చేశామని ఇప్పుడైనా ఒప్పుకోమన్నారు.

“తప్పు ఒప్పుకున్నాను కదా. ఉమ్మెత్త అని మాత్రం అననండి.”

“సేవ తీసేస్తే ఏటి సేస్తావు?”

“తీసుకోండి. తోట తాళం కూడా ఇచ్చేస్తాను. ఉమ్మెత్త పువ్వు పైకి సూస్తాది, ఇది కిందకి సూస్తాది. ఉమ్మెత్త కాయకి ముళ్లుంటాయి. దాన్ని విత్తుకోవాల. ఇది కొమ్మ గుచ్చితే వస్తాది, కర్ర ముదిరి ఏళ్ల తరబడి నిలబడతాది. రెండూ సుట్టాలే అవ్వొచ్చు. విషం కూడా ఒకలాంటిదే, సూడండి మా గుంట కన్ను. అలాగని ఒకటి మాత్రం కాదండి.”

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. నేను కొంగు తొలగించి చూశాను. అత్త చేతులు కట్టుకుని, తల వంచుకునే నిలబడి ఉంది. మాట మాత్రం వంగలేదు. ధర్మకర్తగారు మీసం దువ్వుకుని తీర్పు చెప్పారు. ఈ శివరాత్రికి ఎలాగూ లేదు కనక వచ్చే శివరాత్రికి ఆ చెట్టు పువ్వులు అత్త స్వయంగా గుడికి తేవాలి. పూయించలేకపోతే ఆ రోజే తోట వదిలేయాలి. అత్త సరేనంది. తన సేవను తీసేయడానికి తెచ్చిన చెట్టును తనే పెంచి పూయించాలి. ఆ వంకర నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నేను విరిచిన కొమ్మలన్నీ ఏరుకొచ్చాం. ఆకులు తీసేసి, జానెడేసి ముక్కలు కోసి, ఇసుకలో మాగిన పెంట కలిపి పాత డబ్బాల్లో గుచ్చాం. చేతులకు గుడ్డ చుట్టుకుని చేయమంది. పదిహేను ముక్కల్లో సగం కుళ్లిపోయాయి. మిగతావి మూడు వారాలకు కళ్లు విప్పాయి. గుడి గోడ దగ్గర మిగిలిన మొద్దు కూడా చిగిర్చింది కానీ అక్కడ రోజంతా ఎండ. మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు వేలాడేసేది, వేసవిలో పూర్తిగా మాడిపోయింది. కొండల చలిలో పెరిగినదాన్ని సున్నం గోడకు ఆనించి నాటితే ఏం బతుకుతుంది? అత్త మా డబ్బాలను స్నానాల గది వెనక నీడలో పెట్టింది. పొద్దుటి ఎండ మాత్రం తగిలేది. స్నానం చేసిన నీళ్లన్నీ వాటికే. ఎంత పోసినా తాగేవి. రోజూ నీళ్లు పోయడం నా వంతు, జ్వరమొచ్చిన రోజు కూడా.

వానాకాలానికి మొక్కలు నడుమెత్తు దాటాయి. అప్పుడు అత్త ఒకటి కనిపెట్టింది. కాండం నిటారుగా పెరిగి పెరిగి ఒకచోట రెండుగా చీలుతుంది. ఆ చీలికకు పైనే మొగ్గ వస్తుంది, కింద రాదు. చెట్టు పై భాగం నుంచి విరిగిన ముక్కలు పొట్టిగా ఉండగానే చీలాయి, అడుగు భాగం ముక్కలు నా తలదాటినా చీలలేదు. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకమూ చదవలేదు. డబ్బాల మధ్య పీట వేసుకుని కూర్చుని చూసింది, అంతే. తనకు వద్దనుకున్న చెట్టు గురించి అంత తెలుసుకోవడమెందుకని అడిగాను.

“తెలవకుండా కాదంటే అది మొండితనమే. తెలుసుకుని కాదంటే నా మాటకి విలువుంటాది,” అంది.

మార్గశిరంలో ఒక సాయంత్రం మొదటి పువ్వు విచ్చుకుంది. పొద్దుగుంకే వేళకి దొడ్డంతా వాసన. మెత్తటి వాసన, ఉమ్మెత్తకు అంత ఉండదు. అత్త దాని కింద నిలబడి తలెత్తి పువ్వులోకి చూసింది. ‘నువ్వు ఎంత బాగున్నావే’ అంది దానితో. ఆ చెట్టు మీద ఇంకా కోపంగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ సాయంత్రంతో నా కోపం కూడా పోయింది.

శివరాత్రి పొద్దున అత్త ఒకే బుట్టలో రెండు రకాలూ పెట్టుకుని వెళ్లింది. ఒక పక్క మడిలో పూసిన ఉమ్మెత్తలు, ఇంకో పక్క గంటల్లా వేలాడే ఆ చెట్టు పువ్వులు. గుడి కిటకిటలాడుతోంది. ధర్మకర్తగారు, వాళ్ల అల్లుడు ముందు నిలబడ్డారు. పువ్వు ఎలా పూసిందో అలాగే దేవుడికి పెట్టాలని, మారేడు దళానికి తప్ప అన్నిటికీ అదే లెక్కని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అర్చకులు ఉమ్మెత్త తీసుకుని నోరు పైకి ఉండేలా లింగం మీద పెట్టారు. నిలబడింది. తరవాత గంట పువ్వు తీసుకున్నారు. ఒక్క క్షణం ఆగి, పూసినట్టే నోరు కిందికి పెట్టారు. లింగం నెత్తిన కుచ్చుటోపీ పెట్టినట్టయింది. మరుక్షణం జారి పానవట్టం మీద పడింది. ఇంకొకటి పెట్టారు. అదీ జారింది. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“పైకి తిప్పి పెట్టండి,” అన్నారు ధర్మకర్తగారు. అర్చకుల చేతిలో పువ్వు అలాగే ఉంది. పూసినట్టు పెడితే ధర్మకర్తగారికి కోపం, తిప్పి పెడితే దేవుడికి తప్పు.

అత్తకు అదే అదను. ఒక్క మాట అంటే ఊరంతా ఆమెతో కలిసి నవ్వేది. నేను ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను. ఆమె ఆ మాట అనలేదు. దండకు తెచ్చిన దారం తెంపి, గంట పువ్వుల కాడలు ఒక్కొక్కటీ కట్టి, గర్భగుడి ద్వారబంధానికి అడ్డంగా కట్టేసింది. పువ్వులు ఎలా పూశాయో అలాగే, తలకిందులుగా, వరసగా వేలాడాయి. ఎంత బాగున్నాయంటే వెనక ఉన్నవాళ్లు చూడడానికి మునివేళ్ల మీద లేచారు.

“దీని సోటు ఇది బాబూ,” అంది ధర్మకర్తగారితో. “ఉమ్మెత్త సోటు ఉమ్మెత్తదే.”

ఆయన ఒప్పుకున్నారా? లేదు. బతికున్నంతకాలం దాన్ని చెట్టు ఉమ్మెత్త అనే అన్నారు. అయితే పువ్వుల సేవ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ ఎండాకాలం వెళ్లాక మనిషిని పంపి రెండు కొమ్మలు అడిగి తీసుకుని, నీడలో నాటించుకున్నారు. చీలికకు పైనున్నవి చూసి అత్తే కోసిచ్చింది. తోట ఆమె పోయేదాకా ఆమె చేతిలోనే ఉంది.

ఇప్పుడు విజయనగరంలో మా ఇంటి దొడ్లో రెండూ ఉన్నాయి. కుండీలో ఉమ్మెత్త, మెట్ల పక్క నీడలో గంటల చెట్టు. ఆ చెట్టు అత్త చెట్టు నుంచి కొమ్మ మీద కొమ్మగా వచ్చిందే. ఫొటో గొడవ అయ్యాక కాలనీ కమిటీవాళ్లు నలుగురు ఇంటికి వచ్చారు. రెండూ విషమట, గేటు పక్కది వీధిలోకి వంగి ఉందట, పసిపిల్లలు తిరిగే చోటట, నరికేయాలట. నిజమే, గేటు పక్కన కూడా ఒక గంటల చెట్టు పెట్టాను. అందం కోసం పెట్టాను, పిల్లల సంగతి ఆలోచించలేదు. తప్పు నాదేనన్నాను. వాళ్లు చూస్తుండగానే పనివాణ్ని పిలిచి దాన్ని లోపలికి మార్పించి, చుట్టూ పిల్లలకు అందనంత ఎత్తు కంచె వేయించి, ‘విషం, ముట్టుకోవద్దు’ అని బోర్డు రాశాను. నరకడం మాత్రం కుదరదన్నాను. వాళ్లలో ఒకాయన పోనీలెండి, ఆ ఉమ్మెత్త ఎలాగూ లోపలికి వెళ్లిందిగా అని నన్ను శాంతింపజేయబోయాడు.

నేను చేతులు కట్టుకున్నాను. ఈ వయసులో నా నల్లగుడ్లు రెండూ మామూలుగానే ఉన్నాయి, చూపు కూడా బాగానే ఉంది.

“అది ఉమ్మెత్త కాదు బాబూ,” అన్నాను.